బ్యాడ్జి కింద మనిషి ప్రాణం

"కారు మీద చిన్న గీత పడినా చాలు జయరాజూ, మధ్యాహ్నం రెండు గంటలకు ప్రభుదాసు చచ్చిపోతాడు."

చెవిలో చీఫ్ సుకన్య గొంతు. హైదరాబాద్ నుంచి మాట్లాడుతోంది. జయరాజు నంద్యాల బస్టాండు ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడి, వినపడనట్టే గ్లాసు ఊదుకుంటున్నాడు. టైం ఎనిమిదీ పది. తుఫాను ముసురు మూడు రోజులుగా వదలడం లేదు.

"పూర్తిగా చెప్పండి మేడమ్."

"మన ఆఫీసులో ఒక క్లర్కు అమ్ముడుపోయాడు. బ్రాంట్ దగ్గర రెండేళ్ళుగా డ్రైవరు వేషంలో ఉన్న మన మనిషి ప్రభుదాసేనని, ఫోటోతో సహా వాళ్ళకు ఇచ్చేశాడు. నిన్న ఆ క్లర్కును లారీ గుద్దింది. లారీకి నంబర్ ప్లేటు లేదు."

బ్రాంట్. ఐదు దేశాల పోలీసులు వెతుకుతున్న మనిషి. మన రక్షణ రహస్యాలు కొనే విదేశీ ముఠాకు పెద్ద. పైకి మాత్రం రాతి విగ్రహాల వ్యాపారి. ఈ రోజు మధ్యాహ్నం ఆళ్లగడ్డలో ఒక శిల్పశాలకు వస్తున్నాడు. ఉండేది ఒక్క గంట.

"ఫోటో ఎక్కడుంది?"

"ఒక మెమొరీ చిప్పులో. వేలి గోరంత. ఫోన్లో పంపితే మనకు దొరుకుతుందని వాళ్ళకు తెలుసు. అందుకే కారులో పంపుతున్నారు. నల్ల ఎస్‌యూవీ, విజయవాడ నుంచి నల్లమల ఘాట్ మీదుగా వస్తోంది. వెనక డోర్ మీద ఎడమవైపున్న 'టర్బో' బ్యాడ్జి కింద అతికించారట."

"ఎవరు చెప్పారు?"

"గీతాంజలి. కారు ఆమెదే."

జయరాజు టీ గ్లాసు కింద పెట్టాడు. గీతాంజలి! బ్రాంటుకు విగ్రహాలు ఎగుమతి చేసే ఏజెంటు. ఏడాదిగా మనకూ సమాచారం ఇస్తోంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషి ఎప్పుడు ఏ పడవలోకి దూకుతుందో ఎవరికి తెలుసు?

"కారు ఆపేసి చిప్పు లాక్కుంటే?"

"బ్రాంట్ రాడు. తన చుట్టూ ఉన్న ముగ్గురి మీద అతనికి అనుమానం. కారు చేరకపోతే ముగ్గురినీ లేపేస్తాడు. అందులో ప్రభుదాసు ఒకడు. పొద్దున్నే అందరి ఫోన్లూ తీసేసుకున్నాడు, హెచ్చరించే దారి లేదు. బురద కడిగించే నెపంతో గీతాంజలి కారును నంద్యాలలో నువ్వు చెప్పిన షెడ్డుకు తెస్తుంది. నువ్వు చేయాల్సింది ఒక్కటే. బ్యాడ్జి తీసి, అసలు చిప్పు తీసుకుని, నీకు పంపిన మన చిప్పు పెట్టి, మళ్ళీ అతికించు. ఎవరో ముట్టుకున్నారన్న అనుమానం రాకూడదు."

"మన చిప్పులో ఎవరి ఫోటో ఉంది?"

"అది నీకు అనవసరం."

లైన్ కట్ అయింది. ఈ ఉద్యోగంలో జయరాజుకు ఎక్కువసార్లు వచ్చే జవాబు అదే.

*

'నారాయణ కార్ డెకార్స్' షెడ్డు ఆళ్లగడ్డ రోడ్డు మీదే ఉంది. నారాయణకు యాభై ఎనిమిదేళ్ళు. కార్ల పెయింటు పనిలో ముప్ఫై ఐదేళ్ళ చెయ్యి. జయరాజు చిన్నప్పుడు పక్కింట్లో ఉండేవాడు. జయరాజుది ఏదో గవర్నమెంటు ఉద్యోగమని తప్ప ఇంకేమీ తెలీదు. అడగడు కూడా.

ఆ అడగకపోవడమే ఈ పొద్దు జయరాజుకు నచ్చలేదు.

మరకల ప్యాంటు, చిరిగిన బనియను వేసుకుని పనివాడి వేషంలో బయటికి వచ్చేసరికి, నారాయణ గోడ వైపు తిరిగి ఫోన్లో గుసగుసలాడుతున్నాడు.

"బ్యాడ్జి పని ఈ పూటే అయితాది. నువ్వు మాత్రం ఎవురికీ చెప్పొద్దు. సాయంత్రం చీకటి పడినంక రా."

జయరాజు అడుగు ఆగిపోయింది. "ఫోన్లో ఎవరు నారాయణన్నా?"

"పార్టీలే అప్పా." నారాయణ ఫోను జేబులో పెట్టేశాడు. "ఏందీ, పోలీసోని మాదిరి చూస్తాండావ్?"

జయరాజు బల్ల దగ్గరికి నడిచాడు. బ్యాగులోంచి నల్లటి పరికరం తీశాడు. విభాగం ల్యాబ్ ప్రత్యేకంగా తయారు చేసిన థర్మల్ సెపరేటర్. బ్యాడ్జి మీద పెడితే చాలు, జిగురు కరిగి ఊడి వస్తుంది.

నారాయణ దాన్ని ప్లగ్గులో పెట్టి, మూలనున్న పాత బానెట్ మీద ఆనించాడు. పది సెకన్లు. పెయింటు అప్పడంలా పొంగింది.

"ఎవురు చేసినారు దీన్ని?"

"సైంటిస్టులు."

"దోసెలు పోసుకోమని చెప్పు." పరికరాన్ని పక్కకు తోసి, గూట్లోంచి తన సామాను దించాడు. భార్య వాడి పారేసిన హెయిర్ డ్రయ్యరు. చేపల గాలానికి కట్టే నైలాన్ దారం. మాస్కింగ్ టేపు. డబుల్ టేపు చుట్ట. మెత్తని గుడ్డలు. నీలగిరి తైలం సీసా. "ఇదీ సామాను. వేడి, దారం, ఓపిక. మూడింట్లో ఏది తక్కువైనా పెయింటు లేచి వస్తాది."

పదీ పదిహేనుకు నల్ల ఎస్‌యూవీ వచ్చింది. అద్దాల దాకా బురద. ముందు డోరు తెరుచుకుని గీతాంజలి దిగింది. మెరూన్ చీర, వాన రోజున కూడా నల్ల కళ్ళద్దాలు. బురదలో కాలు పెట్టింది గానీ నడకలో తేడా లేదు. పక్క సీట్లోంచి ఆరడుగుల మనిషి దిగాడు. హరీష్. బ్రాంట్ పంపిన కాపలా. కుడి చెయ్యి జాకెట్టులోంచి బయటికి రావడం లేదు.

"పాలిష్ వద్దు. కోటింగే కావాలి," అంది గీతాంజలి.

అది కోడ్. జయరాజు తల ఎత్తకుండా బదులిచ్చాడు. "ఆరేదానికి గంటన్నర పడ్తాది మేడమ్."

ఆమె కారు వెనక్కి నడిచి, బురద చూపిస్తున్నట్టుగా ఎడమవైపు బ్యాడ్జి కింద వేలితో ఒక్కసారి తట్టింది. హరీష్ చూపు ఆ వేలి మీద పడింది. అక్కడి నుంచి జయరాజు మొహం మీదికి వచ్చింది.

"నువ్వు కొత్తోడివా?"

"కోయిలకుంట్ల సార్. శనగ పనుల్లేవు, ఈడికొచ్చినా."

కారు కడిగి, షెడ్డు వెనకున్న గదిలోకి తోశారు. హరీష్ కూడా లోపలికి రాబోయాడు. నారాయణ చెయ్యి అడ్డం పెట్టాడు.

"యాడికి? కోటింగ్ రూములోకి మనిషి రాకూడదు. నీ చొక్కా దుమ్మంతా పెయింటు మీద కూర్చుంటే మేడమ్ నన్ను తిడ్తాది."

"కారు వదిలి కదలొద్దని నాకు ఆర్డరు."

"కదలొద్దులే. వాకిట్లో నిలబడు. రూముకు ఒకటే వాకిలి."

హరీష్ గది చుట్టూ కళ్ళతో కొలిచాడు. కిటికీ లేదు. "పది నిమిషాలకోసారి తలుపు కొడతా. తీయాలి," అన్నాడు. గీతాంజలి రోడ్డవతల హోటల్లోకి వెళ్ళిపోయింది. అంత తొందరగా, అంత నిశ్చింతగా ఎందుకు వెళ్ళింది? జయరాజు ఆ ప్రశ్నతోనే తలుపు మూశాడు.

*

వెనక డోరు మీద బ్యాడ్జిలు రెండు. ఎడమవైపు 'టర్బో', కుడివైపు '4x4'.

నారాయణ 'టర్బో' చుట్టూ మాస్కింగ్ టేపు అతికించాడు. దారం రాసుకున్నా పెయింటుకు తగలదు, మళ్ళీ పెట్టేటప్పుడు చోటు తప్పదు. డ్రయ్యరు వేశాడు. అరచెయ్యి ఆనించి చూసుకుంటూ, ఓర్చుకునేంత వేడి. రెండు నిమిషాలు. దారం రెండు కొసలూ వేళ్ళకు చుట్టుకుని బ్యాడ్జి పై అంచుకు ఆనించాడు.

"ఈ పసుపు చూడు," అని విసుక్కున్నాడు. "ఆయుధ పూజ వస్తే చాలు, అక్షరం అక్షరానికీ పెడ్తారు. నాలుగేండ్ల పసుపు సందుల్లో సిమెంటు మాదిరి గట్టిపడిపోయింది. గీకేదానికి పళ్ళ బ్రష్షు ఎత్తుకురా. ఆ పక్కది నయం, ఎవుడో ముందే శుభ్రంగా కడిగినాడు."

జయరాజు టక్కున అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఆగు."

"ఏందప్పా!"

"పక్కది కడిగినారా?"

ఇద్దరూ వంగి చూశారు. 'టర్బో' అక్షరాల మూలల్లో, అంచుల వెంట పసుపు గట్టిగా పేరుకుని ఉంది. ఎక్కడా పగుల్లేదు. ముందు వైపు బ్యాడ్జి చూశారు. అక్కడా పసుపే. '4x4' మాత్రం కొత్త గిన్నెలా మెరుస్తోంది.

జయరాజు పెన్నులాంటి యూవీ టార్చి తీసి 'టర్బో' కింద వెలిగించాడు. అంచుకూ పెయింటుకూ మధ్య, వెంట్రుకంత సన్నటి నీలం గీత వెలిగింది. కంటికి కనపడని లక్క. దారం ఒక్కసారి లాగి ఉంటే తెగిపోయేది.

ఉచ్చు.

జయరాజు టార్చి ఆర్పాడు. ఉచ్చు ఎవరు పన్నారు? గీతాంజలి అయితే ఈపాటికి హోటల్లోంచి బ్రాంటుకు ఫోన్ వెళ్ళిపోయి ఉంటుంది. లేదా గీతాంజలికే అబద్ధం చెప్పి, ఆమె నోరు విప్పుతుందా లేదా అని బ్రాంట్ పరీక్ష పెట్టాడా? మొదటిది నిజమైతే పారిపోవాలి. రెండోది నిజమైతే పని పూర్తి చేయాలి. చీఫ్‌ను అడగొచ్చు. ఆమెకు తెలిసింది కూడా గీతాంజలి చెప్పిందే.

"నారాయణన్నా, బ్యాడ్జి తీసి మళ్ళీ పెట్టేటప్పుడు నువ్వైతే పసుపు కడుగుతావా?"

"కడగాల గదా, లేకుంటే టేపు పట్టదు. కానీ మళ్ళీ ఒక బొట్టు పెట్టి పంపిస్తా. ఉన్న పసుపు పోగొట్టి బోడిగా పంపిస్తే ఓనరు ఊరుకుంటాడా? ఇంట్లో ఆడోళ్ళు ఊరుకుంటారా?"

జయరాజు ఊపిరి వదిలాడు. గీతాంజలిది కడప. పసుపు పెట్టింది ఆమో, ఆమె తల్లో అయి ఉండాలి. ఈ పని ఆమె చేసి ఉంటే, తుడిచిన చోట మళ్ళీ బొట్టు పెట్టేది. పసుపును మురికి అనుకుని తోమేసినవాడు ఈ దేశపు మనిషి కాడు. బ్రాంట్ మనిషి ఎవడో ఆమెకు తెలీకుండా చిప్పు కుడివైపు పెట్టి, ఎడమవైపు పెట్టామని ఆమెకు చెప్పాడు.

"ఆ పక్కది తీద్దాం. దీన్ని ముట్టుకోవద్దు."

"ఇందాక ఇదే అంటివి గదా?"

"ఇప్పుడు అది అంటాండా."

నారాయణ అతని మొహం చూసి ఇంకేమీ అడగలేదు. ఎడమవైపు టేపు ఒక్కొక్కటే మెల్లగా ఊడదీశాడు. టార్చి వేసి చూశారు. నీలం గీత చెక్కుచెదరలేదు. '4x4' చుట్టూ అలాంటి గీతే లేదు.

తలుపు దడదడలాడింది. "తీయ్!"

జయరాజు తలుపు తీశాడు. హరీష్ లోపలికి చూశాడు. నారాయణ బానెట్ మీద గుడ్డతో రుద్దుతున్నాడు.

"డ్రయ్యరు ఎందుకు?"

"తడి ఆరాల గదప్పా," అన్నాడు నారాయణ. "బయట ఎండ ఉంటే నాకేల ఈ తిప్పలు?"

తలుపు మళ్ళీ మూసుకుంది. మళ్ళీ పది నిమిషాల టైం.

'4x4' చుట్టూ టేపు. వేడి. దారం. నారాయణ చేతులు రంపం కోసినట్టు ఇటూ అటూ ఆడాయి. దారం పెయింటుకు సమాంతరంగా, ఒక్క మిల్లీమీటరు కూడా కిందికి దిగకుండా జారింది. బ్యాడ్జి చేతిలోకి వచ్చింది. దాని వీపున, టేపు మధ్యలో గోరంత చిప్పు.

జయరాజు పట్టకారుతో దాన్ని తీసి డబ్బీలో వేశాడు. ప్రభుదాసు ప్రాణం బరువు గ్రాము కూడా లేదు.

డోరు మీద జిగురు మిగిలింది. నారాయణ బొటనవేలితో కొంత ఉండలు చుట్టి తీశాడు. తక్కినదానికి నీలగిరి తైలం గుడ్డ మీద చుక్కలుగా వేసి, గీకకుండా అద్దాడు. జిగురు కరిగింది. కింద పెయింటు అద్దంలా ఉంది. నాలుగేళ్ళ ఎండ తగలని చోటు కావడంతో చుట్టుపక్కల కంటే ఒక ఛాయ నలుపెక్కువ.

"ఈ అచ్చు మీదే పెట్టాల. నూలుపోగంత జరిగినా రెండు 4x4లు కనపడ్తాయి."

కొత్త డబుల్ టేపు కత్తిరించి, మధ్యలో మన చిప్పు పెట్టి, మాస్కింగ్ టేపు గుర్తుల మధ్యకు బ్యాడ్జి దించాడు. అరచేత్తో నొక్కి పట్టుకున్నాడు. గది నిండా నీలగిరి వాసన.

దడదడ. "తీయ్! ఏంటా వాసన?"

జయరాజు చెయ్యి బనియను కిందున్న పిస్టల్ మీదికి వెళ్ళింది. నారాయణ ఆ చెయ్యి చూశాడు. మొదటిసారి అతని మొహం పాలిపోయింది. కానీ తలుపు తీసింది అతనే. చేతిలో సీసా.

"నీలగిరి తైలమప్పా. గంట నుంచి తడుస్తాండావ్, చీదుతాండావ్, లోపలికి వినపడ్తాంది. నీకోసమే వెతికి తీసినా. ఇంద, రుమాలు ఇట్లివ్వు."

హరీష్ నిజంగానే చీదాడు. రుమాలు ఇచ్చాడు. నారాయణ దాని మీద చుక్కలు కాదు, సగం సీసా పోశాడు. "చేతులకు కూడా పూసుకో. బాగా పీల్చు."

పదకొండూ నలభైకి కారు బయటికి వచ్చింది. నారాయణ అలవాటు ప్రకారం పసుపు గిన్నె తెచ్చాడు. ఈ షెడ్డులోంచి ఏ కారూ బొట్టు లేకుండా వెళ్ళదు. బానెట్ మీద పెట్టాడు. గిన్నెతో వెనక్కి నడిచాడు. జయరాజు గుడ్డ పట్టుకుని అతని వెంట పడ్డాడు. బ్రాంట్ మనిషి తోమేసిన కుడివైపు కొత్త బొట్టు కనపడితే అంతా అయిపోయినట్టే. హరీష్ ఎదుట నోరెత్తడానికి లేదు.

నారాయణ వేలు పసుపులో ముంచాడు. '4x4' దగ్గర ఆగాడు. వేలు లుంగీకి తుడుచుకున్నాడు.

"వెనక వద్దులే. కోటింగ్ పచ్చిగుండాది."

*

రెండు గంటలు. ఆళ్లగడ్డ శిల్పశాల.

రేకుల పందిరి కింద సగం చెక్కిన విగ్రహాలు. ఉలుల చప్పుడు. వానలో కూడా గాలిలో తెల్లటి రాతి దుమ్ము. పనివాళ్ళలో ఆరుగురు పోలీసులు. జయరాజు ఏడోవాడు. గంట ముందే తన పాత కారులో వచ్చి, మొహానికి దుమ్ము పూసుకుని ఒక నంది ముందు కూర్చున్నాడు.

"నెమ్మదిగా కొట్టు సామీ," అంటూ పెద్ద శిల్పి గొణిగాడు. "దొంగను పట్టుకునే లోపల నంది ముక్కు రాలగొట్టేటట్టున్నావ్."

బ్రాంట్ కారు వచ్చి ఆగింది. డ్రైవరు సీట్లోంచి ప్రభుదాసు దిగి వెనక డోరు తీశాడు. తన ప్రాణం ఎక్కడుందో అతనికి తెలీదు. ఐదు నిమిషాల తర్వాత నల్ల ఎస్‌యూవీ వచ్చింది. హరీష్‌తో పాటు గీతాంజలి దిగి నమస్కరించింది.

బ్రాంట్ ఆమెకేసి చూడలేదు. తిన్నగా కారు వెనక్కి వెళ్ళి, 'టర్బో' ముందు వంగి, జేబులోంచి యూవీ టార్చి తీశాడు. వెలుగు అంచు వెంట పాకింది.

గీతాంజలి మొహంలో రక్తం లేదు. జయరాజు ఆ బ్యాడ్జి తీశాడనే ఆమె నమ్మకం. ఆ టార్చి చూశాక గానీ అది ఉచ్చని ఆమెకు అర్థం కాలేదు.

బ్రాంట్ లేచాడు. నవ్వాడు. "నా మీద కోపం వద్దు గీతా. నిన్ను అనుమానించినందుకు క్షమించు," అన్నాడు ఇంగ్లీషులో.

కుడివైపు తిరిగి జేబులోంచి స్టీలు బ్లేడు తీసి '4x4' కిందికి ఒక్క పోటు పొడిచాడు. కరకరమంటూ పెయింటు లేచింది. గీతాంజలి "నా కారు!" అని అరిచింది. అది మాత్రం నటన కాదు.

చిప్పు చేతిలోకి తీసుకున్న బ్రాంట్ ఆగిపోయాడు. బ్యాడ్జి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ వాసన చూశాడు.

"ఏమిటీ వాసన?"

ఉలుల చప్పుడు ఆగిపోయింది. జయరాజు వేళ్ళు నంది కిందున్న పిస్టల్ వెతుక్కున్నాయి. బ్రాంట్ తుపాకి అప్పటికే చేతిలో ఉంది. దాని గొట్టానికి ప్రభుదాసు ఛాతీ రెండు అడుగుల దూరం. తను ముందు కాల్చినా వాడి వేలు ట్రిగ్గర్ మీద నొక్కుకుంటే?

ఆ నిశ్శబ్దంలో హరీష్ తుమ్మాడు.

రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. నీలగిరి వాసన పందిరంతా పరుచుకుంది. బ్రాంట్ తల మెల్లగా అతని వైపు తిరిగింది. రుమాలు చూశాడు. బ్యాడ్జి చూశాడు.

"కారు వదిలి ఎక్కడికీ పోలేదు కదా నువ్వు?"

"ఒక్క నిమిషం కూడా పోలేదు సార్!" అన్నాడు హరీష్ గర్వంగా.

బ్రాంట్ ఎడమచేత్తోనే పక్కనున్న తన కారు బానెట్ మీద తెరిచి ఉంచిన లాప్‌టాప్‌లో చిప్పు పెట్టాడు. తెర వెలిగింది. ఫోటో సగం, ముప్పావు, పూర్తిగా వచ్చింది.

తెర మీద హరీష్ నవ్వుతున్నాడు.

"సార్, ఇది..." హరీష్ చెయ్యి జాకెట్టులోకి వెళ్ళింది. అలవాటు. బ్రాంట్ తుపాకి ప్రభుదాసును వదిలి అటు తిరిగింది. ఆ అర సెకను చాలు. ప్రభుదాసు బ్రాంట్ మణికట్టు పట్టి పైకి విరిచాడు. గుండు రేకులో దూరింది. నంది వెనక నుంచి జయరాజు, గణపతుల వెనక నుంచి ఆరుగురు పోలీసులు దూకారు.

ఎగుమతి బిల్లుల్లో లేని ఒకే ఒక్క సరుకు, ఆ చిప్పు ఎదురుగా ఉండగా, బ్రాంట్ దొరికిపోయాడు.

"రెండేళ్ళయింది ఇంటి భోజనం తిని," అన్నాడు ప్రభుదాసు చేతులు దులుపుకుంటూ. 

*

మర్నాడు పొద్దున గీతాంజలి కారు మళ్ళీ నారాయణ షెడ్డులో ఉంది. అతను వెనక డోరు మీద గాయం చూసి తల కొట్టుకున్నాడు.

"బ్లేడు పెట్టినాడా? సొంత కారయితే పెడ్తాడా? వాన్ని దేనికింద లోపలేసినారు?"

"గూఢచర్యం."

"పెయింటుకు వేరేగా ఇంకో కేసు పెట్టండప్పా."

జయరాజు నవ్వాడు. ఒక్క అనుమానం మాత్రం మిగిలిపోయింది. "నిన్న ఫోన్లో ఎవరు అన్నా? బ్యాడ్జి పని, చీకటి పడినంక రమ్మన్నావ్?"

"అదా! కొత్తపల్లె ఆసామి. బేస్ మోడల్ కారు కొన్నాడు. దానికి టాప్ మోడల్ బ్యాడ్జి కావాలంట. వియ్యంకునికి తెలీకూడదని సీక్రెట్."

జయరాజు తన పాత కారు దగ్గరికి వెళ్ళాడు. వెనక డోరు మీద ఏదో తళతళలాడుతోంది. కొత్త 'టర్బో' బ్యాడ్జి, దాని మీద చిన్న పసుపు బొట్టు.

"ఏందన్నా ఇది? దీంట్లో టర్బో యాడుండాది?"

"నీ ఉద్యోగానికి అదే కరెక్టు. పైన రాసింది ఒకటి, లోపలుండేది ఒకటి."

జయరాజు అతనికి దండం పెట్టి బయల్దేరాడు. ఊరు దాటాక కారు ఆపి, దిగి, వెనక్కి వెళ్ళి, యూవీ టార్చి వెలిగించి ఆ బ్యాడ్జి అంచులన్నీ ఒకసారి చూసుకున్నాడు.